అమెరికాలో అందరికీ ఆరోగ్య బీమా: డబ్బు కడుతున్నారు, హక్కు రాలేదు

అమెరికా 2023లో వైద్యం మీద 4.9 లక్షల కోట్ల డాలర్లు ఖర్చు పెట్టింది. దేశ స్థూల ఉత్పత్తిలో అది 17.6 శాతం, తలసరిన 14,570 డాలర్లు. వైద్యానికి మనిషికి ఇంత పెట్టే దేశం ప్రపంచంలో మరొకటి లేదు. అదే ఏడాది అక్కడ 2.6 కోట్ల మందికి ఏ రకమైన బీమా లేదు. సగటు ఆయుర్దాయం 78.4 ఏళ్లు, జపాన్‌లో 84. ఆయుర్దాయాన్ని వైద్యం ఒక్కటే నిర్ణయించదన్నది నిజమే. తుపాకులు, మత్తుమందులు, ఊబకాయం, రోడ్డు ప్రమాదాలు అమెరికాలో ఎంతోమందిని అకాలంగా పొట్టన పెట్టుకుంటున్నాయి. వాటన్నిటినీ పక్కన పెట్టినా, ఇంత ఖర్చు పెట్టే దేశంలో ఇన్సులిన్ కొనలేక డోసు తగ్గించుకునే మనుషులు ఎందుకున్నారన్న ప్రశ్న అలాగే మిగులుతుంది.

డబ్బు చాలక కాదు. 2023 ఖర్చులో ఫెడరల్ ప్రభుత్వం వాటా 32 శాతం, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల వాటా 16 శాతం. కలిపితే దాదాపు సగం. అంటే ఖజానా నుంచే ఒక్కో మనిషికి సుమారు ఏడు వేల డాలర్లు పోతోంది. బ్రిటన్‌లో ప్రభుత్వమూ ప్రజలూ కలిసి మనిషికి పెట్టే మొత్తం ఖర్చు అంతకంటే తక్కువ, అయినా అక్కడ పుట్టిన ప్రతి బిడ్డకూ వైద్యం హక్కుగా ఉంది. అందరికీ బీమా ఇవ్వడానికి కావలసిన సొమ్ము అమెరికన్లు ఎప్పుడో కట్టేస్తున్నారు. బీమాను మనిషికి ఇవ్వకుండా అతని ఉద్యోగానికీ, వయసుకీ, ఆదాయానికీ, వీసాకీ ముడిపెట్టడం వల్ల అది అందరికీ చేరడం లేదు. ఈ వ్యాసంలో నేను వాదించేది ఇదే.

ఆ ముడి ఎక్కడ పడిందో చూడాలంటే డాలస్ వెళ్లాలి. ఈనాడు తెలుగు కుటుంబాలు వేలాదిగా స్థిరపడిన ఆ నగరంలోనే 1929లో బేలర్ ఆసుపత్రి బడిపంతుళ్లతో ఒక ఒప్పందం చేసుకుంది. నెలకు 50 సెంట్లు కడితే ఏడాదిలో 21 రోజుల దాకా ఆసుపత్రి వైద్యం. జస్టిన్ ఫోర్డ్ కింబల్ అనే అధికారి రూపొందించిన ఆ పథకమే తర్వాత బ్లూ క్రాస్ సంస్థలకు మాతృక అయింది. ఒకచోట పనిచేసే వాళ్లందరినీ ఒక గుంపుగా చేర్చుకుంటే జబ్బు మనుషులే వచ్చి చేరతారన్న భయం ఉండదు. అప్పటికి అది తెలివైన ఏర్పాటే.

దాన్ని దేశవ్యాప్త వ్యవస్థగా మార్చింది రెండో ప్రపంచ యుద్ధం. ధరలు అదుపు తప్పకుండా 1942లో ప్రభుత్వం జీతాలకు కళ్లెం వేసింది. ఆరోగ్య బీమా వంటి సదుపాయాలను మాత్రం ఆ లెక్కలోంచి మినహాయించింది. మనుషులు దొరక్క అవస్థపడుతున్న కంపెనీలు జీతం పెంచే వీలు లేక బీమా ఎర చూపాయి. 1954లో వచ్చిన పన్నుల చట్టం యజమాని కట్టే ప్రీమియం మీద ఉద్యోగికి పన్ను ఉండదని తేల్చిచెప్పింది. యుద్ధకాలపు సర్దుబాటు అలా శాశ్వతమైపోయింది. ఇది ఎవరో ఆలోచించి, ప్రజలను అడిగి ఎంచుకున్న విధానం కాదు. నేడు అమెరికన్లలో సగానికి పైగా బీమా పొందుతున్నది ఈ దారినే.

దీని ధర ఉద్యోగికి కనిపించదు. ఆరోగ్య విధానాలను అధ్యయనం చేసే కేఎఫ్ఎఫ్ సంస్థ లెక్క ప్రకారం 2024లో కంపెనీల ద్వారా వచ్చే కుటుంబ బీమా సగటు ప్రీమియం ఏడాదికి 25,572 డాలర్లు. అందులో ఉద్యోగి జీతంలోంచి నేరుగా కోసేది సగటున 6,296. మిగతాది కంపెనీ పెట్టుకుంటుందని అందరూ అనుకుంటారు. ఆ సొమ్ము కూడా జీతంగా రావలసినదేనని అర్థశాస్త్రవేత్తల్లో దాదాపు ఏకాభిప్రాయం ఉంది. ఏళ్ల తరబడి మధ్యతరగతి జీతాలు పెరగకపోవడానికి కారణాల్లో ఇదొకటి.

ఉద్యోగం పోయిన రోజున ఆ ధర ఒక్కసారిగా ఇంటికొస్తుంది. లేఆఫ్ అయినవాడు పాత బీమానే కోబ్రా చట్టం కింద 18 నెలలు కొనసాగించుకోవచ్చు, కాకపోతే మొత్తం ప్రీమియం, దానిపైన 2 శాతం రుసుము తానే కట్టాలి. పై సగటు ప్రకారం చూస్తే నెలకు 2,100 డాలర్లు దాటుతుంది, అదీ జీతం ఆగిపోయిన నెలలో. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాళ్లకు ఇది గోరుచుట్టు మీద రోకటిపోటు. 60 రోజుల్లో ఇంకో ఉద్యోగం చూసుకోవాలి, లేదంటే దేశం విడిచి వెళ్లాలి. ఇంట్లో నిండు గర్భిణి ఉన్నా, కీమో నడుస్తున్న మనిషి ఉన్నా ఆ గడువు మారదు. 2022 చివరి నుంచి టెక్ కంపెనీల్లో సాగిన లేఆఫ్‌లలో మనవాళ్ల ఇళ్లల్లో ముందు ఇమిగ్రేషన్ లాయరుకు ఫోను వెళ్లింది, ఆ వెంటనే బీమా ఏ తేదీ దాకా ఉంటుందని హెచ్ఆర్‌కు వెళ్లింది.

పెద్దవాళ్ల సంగతి మరీ కష్టం. పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వచ్చే అమ్మానాన్నలు బీపీ మాత్రలు, షుగర్ మాత్రలు ఆరు నెలలకు సరిపడా పెట్టెలో సర్దుకుని వస్తారు. వాళ్ల కోసం కొనే విజిటర్ ఇన్సూరెన్స్‌లో ముందునుంచీ ఉన్న జబ్బులకు రక్షణ నామమాత్రం. అరవై దాటిన తెలుగువాళ్లలో షుగరో బీపీయో లేనివాళ్లు ఎందరుంటారు? గ్రీన్‌కార్డు తెప్పించి శాశ్వతంగా పిలిపించుకున్నా 65 ఏళ్ల వయసు, అయిదేళ్ల నివాసం పూర్తయ్యేదాకా వృద్ధుల ప్రభుత్వ బీమా అయిన మెడికేర్ కొనుక్కునే అర్హతే రాదు. వచ్చాక కూడా, అమెరికాలో పనిచేసిన చరిత్ర లేని వాళ్లు ఒక్క ఆసుపత్రి భాగానికే 2025లో నెలకు 518 డాలర్ల ప్రీమియం కట్టాల్సి వచ్చింది.

బీమా ఉన్నవాడి పరిస్థితి ఏమిటి? మోకాలి నొప్పితో డాక్టరు దగ్గరికి వెళ్లిన ఒక మామూలు ఉద్యోగిని తీసుకోండి. కౌంటరు దగ్గర ముందు కార్డు అడుగుతారు. డాక్టరు నెట్‌వర్క్‌లో ఉన్నాడో లేడో చూసుకోవాలి. బీమా ఉన్నా రోగి తన వంతుగా ఇవ్వాల్సిన కోపే అక్కడికక్కడ కట్టాలి. ఎమ్మారై కావాలని డాక్టరు రాస్తే దానికి బీమా కంపెనీ ముందస్తు అనుమతి ఇవ్వాలి. ఆరు వారాలు ఫిజియోథెరపీ చేయించుకున్నాక చూద్దామని అక్కడినుంచి జవాబు రావచ్చు. డాక్టరే ఫోనులో కూర్చుని కంపెనీ తరఫు డాక్టరుతో వాదించుకోవాలి. స్కాన్ అయ్యాక ఇంటికి ఒక కాగితం వస్తుంది. ఆసుపత్రి వేసిన ధర, కంపెనీ ఒప్పుకున్న ధర, డిడక్టబుల్‌లోకి (బీమా చెల్లింపు మొదలయ్యేలోపు రోగే పెట్టుకోవాల్సిన మొత్తంలోకి) పోయింది, రోగి బాకీ, ఇలా నాలుగు వరసలు, పైన పెద్దక్షరాలతో ‘ఇది బిల్లు కాదు’ అని. అసలు బిల్లు ఇంకో రెండు మూడు వారాలకు ఆసుపత్రి నుంచి వస్తుంది. రేడియాలజిస్టుది వేరే బిల్లు. రెండిట్లో అంకెలు కలవకపోతే, ఎవరికి ఫోన్ చేయాలో తెలుసుకోవడానికే ఒక పూట పడుతుంది.

ఈ కాగితాల వెనక పెద్ద సైన్యం ఉంది. హిమ్మెల్‌స్టీన్, క్యాంప్‌బెల్, ఊల్‌హాండ్లర్ 2020లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం 2017లో అమెరికా వైద్య ఖర్చులో పాలనా వ్యయం 34.2 శాతం, కెనడాలో 17 శాతం. తలసరిన చూస్తే అమెరికాలో 2,497 డాలర్లు, కెనడాలో 551 డాలర్లు. ఈ ముగ్గురూ సింగిల్ పేయర్ విధానానికి, అంటే అందరి వైద్యానికీ ప్రభుత్వమే చెల్లించే పద్ధతికి, గట్టి మద్దతుదారులు కాబట్టి వాళ్ల అంకెను కొంచెం తగ్గించి చూసేవాళ్లున్నారు. ఎంత తగ్గించినా అంతరం మాత్రం పోదు. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ (ఏఎంఏ) 2024 సర్వేలో డాక్టర్లు చెప్పిన లెక్కే చూడండి: ఒక్కో డాక్టరుకు వారానికి 39 ముందస్తు అనుమతి దరఖాస్తులు, వాటి మీద డాక్టరూ సిబ్బందీ కలిసి పెట్టే సమయం 13 గంటలు.

ఆ సైన్యంలో మన పిల్లలూ ఉన్నారు. అమీర్‌పేటలో మెడికల్ కోడింగ్ కోచింగ్ బోర్డులు చూడని వాళ్లుండరు. హైదరాబాద్‌లో రాత్రి షిఫ్టుల్లో కూర్చుని అమెరికా ఆసుపత్రుల తరఫున బీమా కంపెనీలకు ఫోన్ చేసి, ఫలానా క్లెయిమ్ ఎందుకు తిప్పికొట్టారని అడిగే ఏఆర్ కాలర్లు వేలల్లో ఉన్నారు. ఇంకో అంతస్తులో, ఇంకో కంపెనీలో, బీమా సంస్థల తరఫున ఆ క్లెయిమ్‌లనే పరిశీలించేవాళ్లూ ఉన్నారు. లైఫ్ సైన్సెస్ డిగ్రీ చేసిన పిల్లలకు ఈ ఉద్యోగాలు అన్నం పెడుతున్నాయి, ఆ మాట మరవకూడదు. అమెరికాలో ఒకే ధరల పట్టిక, ఒకే ఫారం వచ్చిననాడు వీటిలో చాలా పోతాయి, అక్కడా లక్షల్లో పోతాయి. వాళ్లకు పరిహారం, కొత్త శిక్షణ ఇవ్వాల్సిందే. రోగికి వైద్యం అందకుండా అడ్డుపడే పనిని మాత్రం ఉపాధి పేరుతో కాపాడటం న్యాయం కాదు.

కాగితాల ఖర్చు కంటే పెద్దది ధర. అమెరికన్లు డాక్టర్ల దగ్గరికి ఇతర దేశాల వాళ్లకంటే ఎక్కువ వెళ్లరు, ఆసుపత్రుల్లో ఎక్కువ రోజులు ఉండరు. తేడా ప్రధానంగా ప్రతి వస్తువుకూ వేసే ధరలోనే ఉందని ఉవె రైన్‌హార్ట్, జెరార్డ్ ఆండర్సన్ తదితరులు 2003లోనే తేల్చారు. ప్రైవేటు బీమాలు 2022లో ఆసుపత్రులకు చెల్లించింది మెడికేర్ రేటులో 254 శాతమని ర్యాండ్ పరిశోధన సంస్థ లెక్కగట్టింది. అదే సంస్థ 2018 ధరలు పోల్చి చూస్తే, ఇన్సులిన్ సగటు ధర అమెరికాలో 98.70 డాలర్లు, కెనడాలో 12 డాలర్లు. బేరమాడే చెయ్యి ఒక్కటైతే ధర దిగుతుంది. వందల చేతులైతే దిగదు. 2003లో మెడికేర్‌కు మందుల పథకం చేర్చినప్పుడు, ప్రభుత్వం ధరల మీద బేరమాడకూడదని చట్టంలోనే రాశారు. ఆ నిషేధాన్ని పాక్షికంగా తొలగించడానికి 2022 దాకా పట్టింది. మొదటి పది మందులకు తగ్గిన ధరలు అమల్లోకి వచ్చింది 2026 జనవరిలో.

అందరికీ బీమా అన్న ఆలోచన అమెరికాకు కొత్త కాదు. జర్మనీలో బిస్మార్క్ 1883లోనే కార్మికులకు అనారోగ్య బీమా పెట్టాడు. 1912లో థియోడర్ రూజ్‌వెల్ట్ పార్టీ దాన్ని తన ప్రణాళికలో చేర్చింది. 1915 ప్రాంతంలో రాష్ట్రాల కోసం నమూనా బిల్లు తయారైతే వైద్యుల సంఘమైన ఏఎంఏ నాయకులు కూడా మొదట సానుకూలంగానే ఉన్నారు. అమెరికా మొదటి ప్రపంచ యుద్ధంలోకి దిగడంతో అది శత్రుదేశపు సరుకు అయిపోయింది. 1918లో కాలిఫోర్నియా ఓటర్లు తిప్పికొట్టారు, 1920 నాటికి ఏఎంఏ బద్ధవ్యతిరేకి అయింది. 1935లో ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ సామాజిక భద్రతా చట్టం తెచ్చినప్పుడు, వైద్యుల వ్యతిరేకతతో మొత్తం చట్టమే మునుగుతుందని భయపడి ఆరోగ్య బీమాను వదిలేశాడు.

అధ్యక్షుడు ట్రూమన్ వదలలేదు. 1945 నవంబర్ 19న కాంగ్రెస్‌కు పంపిన సందేశంలో జాతీయ ఆరోగ్య బీమా కావాలని సూటిగా అడిగాడు. 1948 ఎన్నికల్లో గెలిచాక మరోసారి ప్రయత్నించాడు. ఏఎంఏ తన సభ్యులు ఒక్కొక్కరి మీద 25 డాలర్ల చందా విధించి, విటేకర్ అండ్ బాక్స్‌టర్ అనే ప్రచార సంస్థను పెట్టుకుని 1949లో 15 లక్షల డాలర్లు ఖర్చు చేసింది. ప్రచ్ఛన్న యుద్ధం మొదలైన ఆ రోజుల్లో ‘సోషలైజ్డ్ మెడిసిన్’ అన్న రెండు మాటలు చాలు, బిల్లు చచ్చింది. 1961లో రొనాల్డ్ రీగన్ అనే నటుడి గొంతుతో అదే ప్రచారం గ్రామఫోన్ రికార్డు రూపంలో డాక్టర్ల భార్యల కాఫీ విందుల దాకా వెళ్లింది. ఈ భయం పాతబడలేదు. నేటికీ సగం చర్చ దానితోనే సాగుతోంది.

1965 జులై 30న అధ్యక్షుడు జాన్సన్ మెడికేర్, మెడికెయిడ్ చట్టం మీద సంతకం పెట్టడానికి మిజోరీలోని ఇండిపెండెన్స్ పట్టణానికి, 81 ఏళ్ల ట్రూమన్ దగ్గరికి వెళ్లాడు. మొదటి మెడికేర్ కార్డు ఆయన చేతికే ఇచ్చాడు. ఆ చట్టం ఏం చేయగలిగిందో ఇప్పుడు ఎక్కువమందికి గుర్తులేదు. 1966 జులై 1కల్లా 1.9 కోట్ల మంది వృద్ధులు అందులో చేరారు, అదీ కంప్యూటర్లు అంతంతమాత్రంగా ఉన్న కాలంలో. ఇంకో సంగతి దానికంటే గొప్పది. దక్షిణాది రాష్ట్రాల్లో నల్లవారికి వేరే వార్డులు, వేరే ఆసుపత్రులు ఉండేవి. పౌరహక్కుల చట్టాన్ని పాటించని ఆసుపత్రికి మెడికేర్ డబ్బు రాదన్నారు. నాలుగు నెలలు తిరగకముందే వెయ్యికి పైగా ఆసుపత్రులు వార్డుల మధ్య ఆ గోడలు తీసేశాయి. సర్కారు చేసే పని ఏదీ సకాలంలో కాదనేవాళ్లు ఈ ఒక్క ఏడాది చరిత్ర చదవాలి.

అయితే 1965 చట్టమే దేశాన్ని వర్గాలుగా చీల్చింది. ముసలివాళ్లకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్, పనిచేసేవాళ్లకు యజమాని. ఆ తర్వాత వచ్చిన ప్రతి సంస్కరణా మధ్యలో ఉన్న ఒక కంతను పూడ్చింది. 1972లో కిడ్నీలు పూర్తిగా పాడైనవాళ్లకు ఏ వయసులోనైనా మెడికేర్ వర్తించేలా చేశారు. మంచి చట్టమే, లక్షల ప్రాణాలు నిలిపింది. కానీ కిడ్నీ పాడైతే అర్హత, లివర్ పాడైతే వయసు వచ్చేదాకానో, వైకల్యం కింద అర్హత దొరికేదాకానో ఆగాలి అనడంలో ఏ ధర్మసూత్రం ఉంది? 1986 చట్టం ప్రాణాపాయంలో వచ్చిన మనిషిని ఎమర్జెన్సీ గది నుంచి పంపించకూడదంది, బిల్లు సంగతి మాత్రం చెప్పలేదు. 1997లో పిల్లలకు చిప్ అనే బీమా పథకం వచ్చింది. నిక్సన్ 1974లో ఇవ్వజూపిన పథకం, క్లింటన్ 1993లో తెచ్చిన 1,342 పేజీల బిల్లు రెండూ ఓటింగు దాకా రాకుండానే పోయాయి.

2010 మార్చి 23న ఒబామా సంతకం చేసిన చట్టం వీటన్నిటిలోకి పెద్దది. పాత జబ్బు ఉందని బీమా నిరాకరించే అధికారాన్ని కంపెనీల నుంచి లాగేసుకుంది. 26 ఏళ్లదాకా పిల్లలను తల్లిదండ్రుల పాలసీలో ఉంచింది. 4.6 కోట్లు దాటి ఉన్న బీమా లేనివారి సంఖ్య రెండు కోట్ల మేర తగ్గింది. దీన్ని చిన్నచూపు చూడటం తప్పు. కానీ ఆ చట్టం కూడా పాత ముళ్లను విప్పలేదు, వాటి మధ్య కొత్త ముడి వేసింది. పేదలకు మెడికెయిడ్ వస్తుందన్న నమ్మకంతో, దారిద్ర్యరేఖకు పైన ఉన్నవాళ్లకే ప్రీమియం సబ్సిడీ పెట్టారు. 2012లో సుప్రీంకోర్టు మెడికెయిడ్ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. పది రాష్ట్రాలు ఇప్పటికీ ఒప్పుకోలేదు. వాటిలో టెక్సస్ ఒకటి. అక్కడ పిల్లల్లేని, వైకల్యం లేని మనిషి ఎంత పేదవాడైనా మెడికెయిడ్ రాదు, పేదవాడు కాబట్టే సబ్సిడీ కూడా రాదు. ఈ అగాధంలో పడినవాళ్లు దాదాపు 14 లక్షల మంది. బీమా లేనివారి శాతం దేశంలోకెల్లా ఎక్కువ ఉన్నది టెక్సస్‌లోనే, 2023లో 16 శాతం పైన. బేలర్ పథకం పుట్టిన రాష్ట్రం అది.

బీమా కార్డు చేతికి వస్తే ఆరోగ్యం నిజంగా బాగుపడుతుందా? వ్యతిరేకులు అడిగే ఈ ప్రశ్న సరైనదే, తప్పించుకోకూడనిది. ఒరెగాన్ రాష్ట్రంలో 2008లో 10,000 మెడికెయిడ్ సీట్లకు దాదాపు 90,000 మంది పేర్లిచ్చారు, లాటరీ తీశారు. పరిశోధకులకు అది అరుదైన అవకాశం. రెండేళ్ల తర్వాత చూస్తే, బీమా వచ్చినవాళ్లలో డిప్రెషన్ దాదాపు 30 శాతం తగ్గింది, కుటుంబాన్ని ముంచేసే వైద్య ఖర్చు దాదాపు లేకుండా పోయింది. కానీ బీపీలో, కొలెస్టరాల్‌లో, షుగర్‌లో లెక్కకు నిలిచే మార్పు కనిపించలేదు. ఎమర్జెన్సీ గదికి వెళ్లడం తగ్గకపోగా 40 శాతం పెరిగింది. ఈ ఫలితాన్ని చూపి బీమా దండగన్నవాళ్లు చాలామంది.

ఇంకో ప్రయోగం దానికి జవాబు చెప్పింది. ఒబామా చట్టం కింద బీమా లేనందుకు జరిమానా కట్టిన కుటుంబాలకు, బీమా ఎలా పొందవచ్చో తెలుపుతూ 2017లో పన్నుల శాఖ ఉత్తరాలు రాసింది. నిధులు చాలక 45 లక్షల కుటుంబాల్లో 39 లక్షలకే పంపారు, ఎవరికి పంపకూడదన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. గోల్డిన్, లూరీ, మెకబిన్ ఆ రెండు వర్గాలనూ పోల్చారు. 45 నుంచి 64 ఏళ్ల వయసులో ఉత్తరం అందినవాళ్లలో ప్రతి 1,648 మందికి ఒక మరణం తగ్గింది. ఒక మామూలు ఉత్తరం, దాన్ని చదివి బీమా తీసుకున్న కొద్దిమంది, అంతే. ఒరెగాన్‌లో చూసిన జనం వేలల్లో ఉంటే ఇక్కడ లక్షల్లో ఉన్నారు. చావు లాంటి అరుదైన ఫలితం కనబడాలంటే అంతమందినీ చూడాలి. నన్ను అడిగితే ఈ మొత్తం చర్చలో అన్నిటికంటే బరువైన సాక్ష్యం ఇదే.

ఆరోగ్యం మాట అలా ఉంచినా అప్పుల మాట ఉంది. కేఎఫ్ఎఫ్ అంచనా ప్రకారం అమెరికన్ల మీదున్న వైద్యపు బాకీ కనీసం 22,000 కోట్ల డాలర్లు, బాకీ పడ్డవాళ్లు రెండు కోట్ల మంది. ఇందులో బీమా ఉన్నవాళ్లూ చాలామంది. ప్రమాదం జరిగి ఆసుపత్రిలో ఉన్న మన విద్యార్థుల కోసం తెలుగు సంఘాలు, మిత్రులు ఆన్‌లైన్‌లో చందాలు పోగుచేయడం మనం తరచూ చూస్తున్నదే. ఆ మంచితనానికి చేతులెత్తి మొక్కాలి. పరిచయాలు లేనివాడి కోసం చందా ఎవరు ఎత్తుతారన్న ప్రశ్న కూడా వేసుకోవాలి.

ఇక అభ్యంతరాలు. మొదటిది పన్ను. వెర్మాంట్ రాష్ట్రం 2011లో సింగిల్ పేయర్ చట్టం చేసింది. లెక్కలు వేశాక యజమానుల మీద 11.5 శాతం పేరోల్ పన్ను, కుటుంబాల ఆదాయం మీద 9.5 శాతం దాకా చెల్లింపు అవసరమని తేలింది. 2014 డిసెంబర్‌లో గవర్నర్ పీటర్ షుమ్లిన్ చేతులెత్తేశాడు. ఆ పన్నులకు బదులు ప్రీమియంలు, డిడక్టబుల్‌లు పోతాయి, అయినా పోయేది ఎవరికీ కనబడదు, వచ్చేది అందరికీ కనబడుతుంది. పైగా ఆరు లక్షల పైచిలుకు జనాభా ఉన్న చిన్న రాష్ట్రానికి ఫెడరల్ ప్రభుత్వంలా అప్పు చేసే వెసులుబాటు గానీ, మందుల కంపెనీలతో బేరమాడే బలం గానీ లేదు. ఇది జాతీయ స్థాయిలో చేయాల్సిన పని అనడానికి వెర్మాంట్ అనుభవమే సాక్ష్యం.

జాతీయ స్థాయి లెక్కలూ ఉన్నాయి. సెనేటర్ బెర్నీ శాండర్స్ తెచ్చిన సింగిల్ పేయర్ బిల్లుకు పదేళ్లలో ఫెడరల్ ఖర్చు 32.6 లక్షల కోట్ల డాలర్లు పెరుగుతుందని 2018లో మెర్కేటస్ సెంటర్ అనే పరిశోధన సంస్థకు చెందిన చార్లెస్ బ్లహౌస్ లెక్క వేస్తే అది పతాక శీర్షిక అయింది. బిల్లులో రాసిన రేట్లే అమలైతే దేశం మొత్తం వైద్య ఖర్చు కొద్దిగా తగ్గుతుందన్న అంకె కూడా అదే నివేదికలో ఉంది, దాన్ని పట్టించుకున్నవాళ్లు తక్కువ. పార్టీలతో పనిలేని కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2020 డిసెంబర్‌లో అయిదు రకాల సింగిల్ పేయర్ నమూనాలు పరీక్షించింది. 2030లో ఫెడరల్ ఖర్చు 1.5 నుంచి 3 లక్షల కోట్ల డాలర్ల మేర పెరుగుతుంది. దేశం మొత్తం ఖర్చు మాత్రం నమూనాను బట్టి 70,000 కోట్లు తగ్గడం నుంచి 30,000 కోట్లు పెరగడం దాకా ఉండవచ్చు. అంటే దాదాపు ఇప్పటి ఖర్చుతోనే అందరికీ బీమా సాధ్యం. మద్దతుదారులు పన్నుల మాట దాటవేయడం మానాలి. శాండర్స్ గానీ, ప్రతినిధుల సభలో ఇలాంటి బిల్లే తెచ్చిన చెన్నైలో పుట్టిన ప్రమీలా జయపాల్ గానీ ఎవరి జేబులోంచి ఎంత వస్తుందో బిల్లులోనే పూర్తిగా రాసి ఉంటే వాదన బలపడేది.

రెండో అభ్యంతరం ఎదురుచూపులు. కెనడాలో మోకాలి ఆపరేషనుకు నెలలు ఆగాలి, ఇంగ్లండ్‌లో చికిత్స కోసం వేచి ఉన్న జాబితా 70 లక్షలు దాటింది. ఇవి కట్టుకథలు కావు. నిధులు బిగబట్టిన ప్రతిచోటా వరస పెరుగుతుంది. కానీ జర్మనీ, నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్‌లలో అందరికీ బీమా ఉంది, వరస అంతగా లేదు. అమెరికాలో డబ్బు లేక డాక్టరు దగ్గరికే వెళ్లనివాడు ఏ వరసలోనూ లెక్కకు రాడు.

ఈ దేశాలను చూశాక నాకు తోచింది చెబుతాను. సింగిల్ పేయరా, నియంత్రణలో ఉన్న పలు బీమా సంస్థలా అన్న తగువు మీద చాలా శక్తి వృథా అవుతోంది. స్విట్జర్లాండ్ 1996 నుంచి ప్రైవేటు సంస్థలతోనే అందరికీ బీమా నడుపుతోంది. ప్రాథమిక బీమా మీద లాభం తీసుకోవడానికి మాత్రం వాటికి వీల్లేదు. తైవాన్ 1995 మార్చిలో హార్వర్డ్ ఆచార్యుడు విలియం షియావ్ సలహాతో సింగిల్ పేయర్ ఎంచుకుంది, 57 శాతం దగ్గరున్న బీమా ఏడాది తిరిగేసరికి 90 శాతం దాటింది. దారులు వేరు. కానీ ఈ దేశాలన్నిటా రెండు విషయాలు ఒకటే. దేశంలో నివసిస్తే చాలు, బీమా ఉంటుంది. చికిత్స ధరలన్నిటి మీదా ప్రభుత్వ నియంత్రణ ఉంటుంది. అమెరికాలో లేనివి సరిగ్గా ఈ రెండే. అరవై ఏళ్లుగా నడుస్తున్న మెడికేర్ చేతిలో ఉంది కాబట్టి అమెరికాకు దగ్గరి దారి దాన్నే కిందికి విస్తరించడమని నా అభిప్రాయం. అందులోనూ ప్రైవేటు కంపెనీల ద్వారా నడిచే మెడికేర్ అడ్వాంటేజ్‌ను సరిదిద్దుకోవాలి. 2024లో ఆ దారిన ప్రభుత్వానికి 8,300 కోట్ల డాలర్లు అదనంగా ఖర్చయిందని, మెడికేర్ మీద కాంగ్రెస్‌కు సలహాలిచ్చే మెడ్‌ప్యాక్ సంఘం అంచనా వేసింది.

వైద్యుల్లోనూ గాలి మారుతోంది. 2019లో ఏఎంఏ ప్రతినిధుల సభలో సింగిల్ పేయర్ వ్యతిరేకతను వదిలేయాలన్న ప్రతిపాదనకు 47 శాతం ఓట్లు వచ్చాయి. మరుసటి ఏడాది అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ బహిరంగంగా మద్దతు పలికింది. 2024 చివర గ్యాలప్ సర్వేలో 62 శాతం మంది అందరికీ వైద్యం దక్కేలా చూడటం ప్రభుత్వ బాధ్యత అన్నారు.

వాషింగ్టన్ మాత్రం ఎదురు దిశలో నడుస్తోంది. 2025 జులై 4న సంతకమైన చట్టం వల్ల 2034 నాటికి మరో కోటి మంది బీమా కోల్పోతారని బడ్జెట్ కార్యాలయం లెక్క. విస్తరణ కింద మెడికెయిడ్ కావాలంటే నెలకు 80 గంటలు పనిచేసినట్టు రుజువు చూపాలన్న నిబంధన 2027లో రాబోతోంది. 2018లో ఆర్కాన్సా ఇదే పెడితే కొన్ని నెలల్లో 18,000 మందికి పైగా బీమా పోయింది, ఉపాధి పెరగలేదు. పోయినవాళ్లలో చాలామంది పనిచేస్తున్నవాళ్లే, కాగితం పెట్టలేకపోయారు. ఒబామా చట్టం కింద అమ్మే మార్కెట్‌ప్లేస్ పాలసీలకు ఇచ్చిన అదనపు సబ్సిడీ 2025 చివరితో ముగిసింది. 2027 జనవరి నుంచి హెచ్-1బీ, విద్యార్థి వీసాల మీద ఉన్నవాళ్లకు అక్కడ సబ్సిడీయే ఉండదు. పన్నులు కడతారు, సబ్సిడీ రాదు.

అమెరికా పౌరసత్వం తీసుకుని ఓటు హక్కు పొందిన తెలుగువాళ్లకు ఒక మనవి. అందరికీ బీమా అంటే మన పన్ను ఎంత పెరుగుతుందన్న ప్రశ్న మీరు తప్పక అడగండి. అడిగే ముందు, ఏటా జనవరిలో కంపెనీ ఇచ్చే డబ్ల్యూ-2 ఫారం తీసి 12వ గడిలో ‘డీడీ’ అన్న అక్షరాల పక్కన ఉన్న అంకె చూడండి. మీ బీమాకు మీరూ కంపెనీ కలిసి ఆ ఏడాది కట్టిన మొత్తం అది. దాని పక్కన ఆ ఏడాది మీరు కట్టిన డిడక్టబుల్, కోపేలు రాసుకుని కూడండి. కొత్త పన్నును పోల్చాల్సింది సున్నాతో కాదు, ఆ మొత్తంతో. మీ ప్రాంతపు కాంగ్రెస్ అభ్యర్థి ఓటడగడానికి వచ్చినప్పుడు ఆ అంకె చెప్పి, రేపు నా ఉద్యోగం పోతే ఇంత కట్టిన నాకు ఏం మిగులుతుందని అడగండి.